ముందు వెలుగు, తర్వాతే కెమెరా

మన గోడపత్రికలో ఫొటోలు చూసి "నేనూ కెమెరా కొనాలి, ఏది కొనమంటావు?" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా, మొదట్లో నేనేం కొన్నానో, ఎక్కడ పొరబడ్డానో ఇక్కడే రాసేస్తే మేలనిపించింది.

మొదట కొన్నది సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్. ప్లస్ టూ సెలవుల్లో కడంబత్తూరులో పిల్లలకు ట్యూషన్ చెప్పిన డబ్బుకు, అమ్మ చీటీ డబ్బు కొంత తోడైంది. నేను చూసింది ఒకే ఒక్కటి: 24 మెగాపిక్సెల్. అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000, మొత్తం 2 కోట్ల 40 లక్షల చుక్కలు. ఇన్ని ఎందుకో ఆలోచించలేదు. మన గోడపత్రికలో అంటించే ఫొటో 6 అంగుళాలు, 4 అంగుళాలు. బాగా ప్రింటు కావాలంటే అంగుళానికి 300 చుక్కలు చాలు. లెక్కేస్తే 1800 x 1200, సుమారు 2 మెగాపిక్సెల్. ఏ4 కాగితం నిండా వేసినా 9 దాటదు. అంటే ఆ పెద్ద అంకెతో నాకు పెద్దగా పనే లేదు.

రెండోది 70-300 జూమ్ లెన్సు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు వస్తాయి కదా. 365 మెట్లు ఎక్కేవాళ్ళ ముఖాలు కింద నిలబడే తీయాలని నా ఆశ. తీశా, పగటి వెలుగులో బాగానే వచ్చాయి. అదే ఉత్సాహంతో ఇంటికొచ్చి, రాత్రి ట్యూబ్‌లైటు కింద పూలు కడుతున్న అవ్వను తీశా. మసక. కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు తగిలించి, ముఖం దగ్గరగా రావాలని 55కి తిప్పి తీసినా అంతే.

కారణం లెన్సు మీద చివర్లో ఉండే అంకె. దాన్నే ఎపర్చర్ అంటారు. లెన్సు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పే అంకె అది. అంకె చిన్నదైతే తెరుచుకునేది ఎక్కువ. కొళాయి సన్నగా వస్తే బిందె నిండేదాకా ఎక్కువసేపు నిలబడతాం కదా, ఇదీ అంతే. నా రెండు లెన్సులూ ఆ దూరాల్లో ఎఫ్/5.6 కంటే తెరుచుకోవు. అందుకే మా ఇంటి లైటులో షట్టర్ సెకనులో 15వ వంతు తెరిచి ఉండాల్సి వచ్చేది. అంతలో అవ్వ చేతులు నాలుగు పూలు దాటేవి. కదలకుండా కూర్చోమంటే, "ఎంతసేపు మే ఇట్ల కూచోవాల? పూలు వాడిపోతాయి" అనేది.

అప్పుడు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు గురించి తెలిసింది. ఎఫ్/5.6తో పోలిస్తే దాదాపు 10 రెట్ల వెలుగు లోపలికి వస్తుంది. అదే లైటులో సెకనులో 150వ వంతుకే ఫొటో పడుతుంది. పాతది చవగ్గా దొరికితే వెంటనే కొన్నా. తీరా తగిలిస్తే ఆటోఫోకస్ పనిచేయలేదు. నికాన్‌లో పాత రకం లెన్సుల్ని తిప్పే మోటారు కెమెరా బాడీలో ఉండాలి. డి7000 వరసలో ఉంటుంది, డి3000, డి5000 వరసల్లో ఉండదు. ఇది కంపెనీ తప్పు కాదు, చదవకుండా కొన్న నా తప్పు.

చేత్తో తిప్పి ఫోకస్ చేయడం నాకు అలవాటయ్యేలోపే అవ్వ పోయింది.

పటం కట్టించడానికి ఫొటో కావాలన్నారు. నా దగ్గర గోపురాలున్నాయి, కావళ్ళున్నాయి, రైలు కట్ట పక్కన తీగ మీద వాలిన పిట్టలున్నాయి. అవ్వవి 11 ఉంటే అన్నీ మసకే. ఇప్పుడు మా ఇంట్లో గోడకున్నది పిన్ని తన పాత ఫోనులో తీసింది. పొద్దున పది గంటలకు, వసారాలో, పక్క నుంచి మెత్తని వెలుగు పడుతుండగా. పటం కట్టే ఆయన దాంట్లో సరిచేయడానికేమీ లేదన్నాడు.

కాబట్టి అడిగినవాళ్ళకు నా జవాబు ఇది. ముందు ఒక నెల ఉన్న ఫోనుతోనే కిటికీ దగ్గర, వసారాలో, చెట్టు నీడలో తీయండి. మీకు చాలనిది దూరమా, వెలుగా అన్నది అప్పుడు తెలుస్తుంది. దూరమైతే జూమ్, వెలుగైతే చిన్న ఎఫ్ అంకె ఉన్న లెన్సు. బాడీకి పెట్టే డబ్బులో కొంత తగ్గించి లెన్సుకు పెట్టండి. పాతది కొంటే అమ్మేవాళ్ళ ముందే తగిలించి, ఫోకస్ అవుతుందో లేదో చూసి డబ్బివ్వండి.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రం కెమెరా వచ్చేదాకా ఆగకండి. రేపు పొద్దున్నే తీయండి.

నా 50 ఎంఎం ఎవరికైనా కావాలంటే అడగండి, ఇస్తాను. చేత్తో తిప్పుకోవాలి మరి!