జంటచుక్కలలోని పల్సారులు

హైదరాబాదునుండి శాస్త్రజ్ఞులు పెద్ద బెలూనుల నెగురవేయుదురనియు, వాని పరికరముల పెట్టెలు పారాచూటు సాయమున దూరపు పల్లెల పొలములలో దిగుచుండుననియు మన నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములవారు కొందఱు వినియేయుందురు. ఆ పెట్టెలతో నేమి పని యని మా విద్యార్థు లడుగుచుందురు. అందులకు సమాధానముగా నొక్క విషయము నిచట వివరింప నెంచితిమి.

1967వ సంవత్సరమున కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అను పరిశోధక విద్యార్థిని, ఆకాశమునుండి తప్పని తాళముతో వచ్చుచున్న రేడియో స్పందనలను కనుగొనెను. ఇట్టి చుక్కలకే పల్సారులని పేరు. పెద్ద నక్షత్రము పేలిపోయిన పిదప మిగిలిన గర్భమే పల్సారు. సూర్యునికంటె నధికమైన ద్రవ్యము సుమారు 20 కిలోమీటర్ల అడ్డుకొలత గల గోళములో నిమిడియుండును.

కొన్ని పల్సారులు మఱియొక నక్షత్రముతో జంటగూడి తిరుగుచుండును. అప్పుడు తోడిచుక్కనుండి వాయువు పల్సారుపై బడి, దాని అయస్కాంత ధ్రువములకడ కోట్ల డిగ్రీల వేడి నొంది, ఎక్సు కిరణములను వెదజల్లును. పల్సారు తిరుగుకొలది ఆ వెలుగు ఓడరేవులోని దీపస్తంభపు కాంతివలె మనవైపు వచ్చి పోవుచుండును.

ఈ కిరణములు నేలకు చేరవు. మన తలలపై నున్న గాలి 10 మీటర్ల లోతు నీటితో సమానమైన అడ్డు. మన మొక బావి యడుగున నున్నట్లే. కావుననే 1968లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చివారు హైదరాబాదునుండి బెలూను నెగురవేసి, ఆకాశమునుండి వచ్చు ఎక్సు కిరణములను కొలిచిరి. అయితే బెలూను 40 కిలోమీటర్ల యెత్తున కెగసినను పైన కొంత గాలి మిగులును. తీవ్రమైన కిరణములు మాత్రమే దానిని దాటగలవు. అదిగాక బెలూను కొన్ని గంటలు మాత్రమే చూడగలదు. అందుచే ఉపగ్రహ మావశ్యకమయ్యెను.

1970 డిసెంబరు 12న కెన్యా తీరమునుండి 'ఉహురు' అను ఉపగ్రహము పైకేగెను. సెంటారస్ ఎక్స్-3 అను చుక్క 4.8 సెకండ్ల కొకమాఱు స్పందించుటయు, 2.1 దినముల కొకమాఱు తోడిచుక్క చాటున సుమారు అర్ధదినము మఱుగుపడుటయు దానివలన తెలిసెను.

ఇచట నొక యుక్తి గలదు. చెఱువు ఆవలి గట్టున బట్టలుతుకువారిని చూడుడు: బట్ట బండపై బడిన పిదప కొంతసేపటికి చప్పుడు వినవచ్చును. దూరము హెచ్చినకొలది ఆలస్యమును హెచ్చును. అట్లే పల్సారు మనకు దూరముగా నున్నపుడు స్పందన ఆలస్యముగను, దగ్గఱగా నున్నపుడు ముందుగను వచ్చును. సెంటారస్ ఎక్స్-3 విషయమున ఈ భేదము ఇటు 40, అటు 40 సెకండ్లవఱకు నుండును. దీనినిబట్టి కక్ష్య యెంత పెద్దదో తెలియును. కక్ష్యయు, ఒక చుట్టునకు పట్టు కాలమును తెలిసినచో, న్యూటను సూత్రముచేత నక్షత్రముల ద్రవ్యమును గణింపవచ్చును. కంటి కగపడని చుక్కను దాని గడియారమును వినియే తూచుచున్నారన్నమాట!

2015 సెప్టెంబరు 28న మన తెలుగు తీరమునందలి శ్రీహరికోటనుండి భారతదేశపు ఆస్ట్రోశాట్ ఉపగ్రహ మెగసెను. అందలి వాయువు నింపిన పెట్టెలు మూడును, ఒక్కొక్క కిరణము వచ్చిన వేళను సెకండులో లక్షవ వంతువఱకు గుర్తింపగల సామర్థ్యముతో నిర్మింపబడినవి. జంటచుక్కలలోని పల్సారులను పరిశీలించుట దాని ముఖ్యకార్యములలో నొకటి.

తల్లిదండ్రులకును విద్యార్థులకును మా మనవి యొక్కటే. బెలూను పెట్టె యెప్పుడైన మీ చేనిలో దిగినయెడల దానిని విప్పకుడు, తాకకుడు. కొన్నింటియందు ప్రమాదకరమైన విద్యుచ్ఛక్తి యుండవచ్చును. దగ్గఱి పోలీసు ఠాణాకు వెంటనే తెలుపుడు. ఒక్క మూత యూడదీసిన మాత్రమున నెందఱో పడిన శ్రమ వ్యర్థము కావచ్చును.