పెద్దలను వారించేవారెవరు?

పిల్లవాడు పాఠం వేళ ఆటలో మునిగితే ఉపాధ్యాయుడు మందలిస్తాడు; ఇంటివద్ద తండ్రి చేతిలోని సెల్‌ఫోను లాగుకొంటాడు. కాని ఆ ఉపాధ్యాయుడో, ఆ తండ్రియో ఇల్లంతా నిద్రించిన పిమ్మట తానే సెల్‌ఫోను చేతబట్టి కోడి కూసేదాక ఆడుతూ ఉంటే వారించేవారెవరు? పెద్దరికమే అతనికి మరుగు. ఆ మరుగున ఏమి జరుగుతున్నదో ఇల్లాలికి సైతం ఆలస్యంగా గాని తెలియదు.

ఆట స్వతహాగా దోషం కాదు. పగటి శ్రమకు అదొక విశ్రాంతి. ఆడే ప్రతి మనుష్యుడూ రోగి అని వైద్యులు అనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల వర్గీకరణలో, 2022 జనవరి 1న అమలులోకి వచ్చిన పదునొకండవ కూర్పు, ఆట వ్యసనాన్ని రుగ్మతగా గుర్తించి మూడు లక్షణాలు చెప్పినది. ఆటను ఎప్పుడు ఆరంభించాలో, ఎప్పుడు ఆపాలో తన వశంలో లేకపోవడం మొదటిది. తక్కిన ఆసక్తులనూ నిత్యకృత్యాలనూ వెనుకకు నెట్టి ఆటయే ముందు నిలవడం రెండవది. కీడు కలుగుతున్నా మానలేకపోవడం మూడవది. ఇవి సామాన్యంగా ఏడాదిపాటు సాగి, కుటుంబమో ఉద్యోగమో చెడినప్పుడే అది రుగ్మత. గంటల లెక్క కాదు, వశం తప్పడమే ఇక్కడ కొలమానం.

వశం ఎందుకు తప్పుతున్నది? చీకటి పడితే కబడ్డీ ఆగుతుంది. రాజు కట్టుబడితే చదరంగం ముగుస్తుంది. ఈ ఆటలలో పెక్కింటికి ముగింపే లేదు. పైగా బహుమానం ఎప్పుడు చేతికందుతుందో తెలియదు. ఎన్ని పొడుపులకు గింజ రాలుతుందో తెలియని పావురం విడువక పొడుస్తూనే ఉంటుందని అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ ఏనాడో చూపినాడు. దిగులును మరవడానికి ఆటలోనికి పోయినవాడు నిద్ర పోగొట్టుకొని, మరింత దిగులుతో వెలికి వస్తాడు.

ఈ బలహీనత నేడు పుట్టినది కాదు. జూదంలో సర్వస్వమూ ఓడి, ద్రౌపది మూలాన తిరిగి పొందిన ధర్మరాజు, రెండవమారు పిలుపు రాగానే మరల పోయి కూర్చున్నాడు. ధర్మం ఎరుగక కాదు. మనస్సు వశం తప్పినందువల్ల. నాటి సభలో విదురుడు తప్ప పెద్దలు మౌనం వహించారు. ఆ మౌనానికీ కీడులో పాలున్నది.

డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసినది. చట్టం ధనాన్ని కాపాడవచ్చు. పందెం లేని ఆటకు బలియైన నిద్రను తిరిగి ఈయలేదు. దానికి చికిత్స కావాలి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014లోనే ఇట్టి వ్యసనాలకు ప్రత్యేక చికిత్సాలయం వెలసినది. ప్రభుత్వంవారి టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది.

కనుక తోటి ఉపాధ్యాయుని కన్నులు ఉదయాన ఎర్రబడి ఉంటే పరిహసించకండి, చూడనట్లు తప్పుకొనకండి. విద్యార్థులారా, మీ ఇంట అట్టి స్థితి ఉంటే మీరు మందలించనక్కరలేదు. "రాత్రి నిద్రపట్టిందా, నాన్నా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సభలోని మౌనం వీడుతుంది.