మెదడువాపు: పరిశోధనశాలలోను, పంచాయతీలోను

2017 మార్చి నెలలో అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరమున, ఉన్నత పాఠశాల విద్యార్థుల పరిశోధనలకిచ్చు రీజెనరాన్ సైన్స్ టాలెంట్ సెర్చ్ ప్రథమ బహుమతి, 2,50,000 డాలర్లు, ఇంద్రాణీ దాస్ అను 17 ఏండ్ల బాలికకు లభించినది. ఆమె న్యూజెర్సీ రాష్ట్రమున చదువుకొన్న భారత సంతతి బాలిక. చాపాడు పంచాయతీ సభ్యులకు ఈ వార్తతో పనియేమని తోచవచ్చును. పని కలదు.

మెదడులో నరకణములతో పాటు, వానికి ఊడిగము చేయు నక్షత్రాకార కణములు కలవు. మెదడుకు దెబ్బ తగిలినపుడు ఈ కణములు ఉబ్బి, పెరిగి, తమ పనిలో వెనుకబడును. అపుడు గ్లూటమేట్ అను పదార్థము పేరుకొని నరకణములను చంపును. ఆ సహాయక కణములు మరల గ్లూటమేట్‌ను పీల్చుకొనునట్లు, నరకణములు ఎక్కువగా బ్రతుకునట్లు ఆమె ప్రయోగశాలలో చేసి చూపినది. మెచ్చదగిన కృషియే. కాని అది కణములపై ప్రయోగము, మందు కాదు.

మన ప్రాంతమున భయపడవలసినది జపనీస్ మెదడువాపు వ్యాధి. భారతదేశమున దీనిని మొదట 1955లో వేలూరు ప్రాంతమున గుర్తించిరి. 1999లో ఇది ఆంధ్రప్రదేశ్‌లో ప్రబలి, కర్నూలు, అనంతపురం జిల్లాలలో అనేకమంది పిల్లలను బలిగొన్నది. వ్యాధి ముదిరిన వారిలో నూటికి 30 మంది వరకు మరణింతురు. బ్రతికిన వారిలో పలువురికి మాటయో, చేయియో, తెలివియో పడిపోవును. వైరస్‌ను చంపు మందు లేదు.

పందుల నుండి, కొంగల నుండి ఈ వైరస్‌ను మనుష్యులకు చేర్చునది క్యూలెక్స్ దోమ. వరిమడులలోని నీరు దానికి పుట్టినిల్లు. కె.సి. కాలువ క్రింద వరి పండించు మన గ్రామములు ఈ సంగతి మరువరాదు. మడులను మధ్య మధ్య ఆరనిచ్చినచో దోమపిల్లలు చచ్చును, నీరును ఆదా యగును. పందుల పెంపకముపై బ్రతుకు కుటుంబములను కసరినందువలన ప్రయోజనము లేదు. ఊరికి దూరముగా వారికి స్థలము చూపవలసినది పంచాయతీయే.

ఇక టీకా. వ్యాధి యున్నదని గుర్తించిన జిల్లాలలో 9 నెలలు నిండినపుడు ఒక మోతాదు, 16 నుండి 24 నెలల నడుమ మరొకటి ప్రభుత్వము ఉచితముగా వేయించుచున్నది. తమ గ్రామమునకు వర్తించునో లేదో సభ్యులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో విచారింపవలెను.

జ్వరముతో మూర్ఛ వచ్చిన బిడ్డకు నోట నీరు పోయరాదు. మంత్రము వేయించుటకు ఒక్క గడియయైనను వ్యర్థపరుపక, ప్రక్కకు ఒత్తిగిల పరుండబెట్టి 108 వాహనమును పిలువవలెను.