రేనాటి పాట ఎవరి సొత్తు?

కుందేరు పారే నల్లరేగడి సీమకు రేనాడని పేరు. కర్నూలు, కడప ప్రాంతాలకు చెందిన ఈ నేల మీద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ పుస్తకాలకెక్కక ముందే పాటలకెక్కింది. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చాక పాలెగాళ్ల అధికారం పోయి, నెలనెలా ఇచ్చే తవర్జీ మిగిలింది. ఆ పాలెగాళ్ల కుటుంబం వాడైన నరసింహారెడ్డికి దక్కింది 11 రూపాయల చిల్లర. ఊళ్లు కాచే కట్టుబడి బంట్రోతుల మాన్యాలు కూడా లాక్కోవడంతో వాళ్లూ ఆయన వెంట నడిచారు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను అక్కడే ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కోటలో వేలాడదీశారు. జనాన్ని బెదరగొట్టడానికి వేలాడదీసిన ఆ తలే జనం నోట పాటైంది.

ఆ పాటకు ఫలానా కవి అంటూ లేడు. ఊరూరా తిరిగే యాచక గాయకులు పాడారు, కోలాటాల్లో పాడారు. ముందు పాటగాడు ఒక చరణం ఎత్తుకుంటే వంతవాళ్లు పల్లవి అందుకుంటారు. వినేవాళ్లు ఏ ఊరివాళ్లో చూసుకుని ఆ ఊరి పేరు, అక్కడి వీరుడి పేరు కలుపుతారు. జనం ఊపు మీదుంటే యుద్ధఘట్టం సాగుతుంది, నిద్రకు జోగుతుంటే కుదించుకుపోతుంది. పాటగాడి కూలి గింజలు, చిల్లర డబ్బులు. ఈ పాటలను తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి, పరిశోధించి అచ్చుకెక్కించారు.

2019 అక్టోబరు 2న ‘సైరా నరసింహారెడ్డి’ విడుదలైంది. చిరంజీవి నాయకుడు, సురేందర్ రెడ్డి దర్శకుడు. టైటిల్ పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి రాయగా, అమిత్ త్రివేది స్వరపరిచారు. సినిమాలో ఈ కథ చెప్పేది ఝాన్సీ లక్ష్మీబాయి. దాంతో తవర్జీ, మాన్యాల తగవు దేశ స్వాతంత్ర్య పోరాటానికి నాందిగా మారింది. రేనాడు దాటని పేరు దేశమంతా వినబడింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికీ ఆయన పేరే పెట్టారు. అయితే ఒక పల్లె మనిషి తన పక్క పల్లె వాళ్లకు చెప్పుకున్న కథ, టికెట్టు కొన్న అందరికీ ఒకేలా వినిపించే కథ అయింది.

ఎదురు తిరిగిన పాటను బజారు మళ్లీ ఎత్తుకోవడం ప్రపంచంలో కొత్తేమీ కాదు. 1976 ప్రాంతంలో లండన్‌లో పంక్ సంగీతం ఊపందుకుంది. గిటారు మీద మూడు స్వరగుచ్ఛాలు (కార్డ్స్) వస్తే చాలు, ఎవరైనా బ్యాండు కట్టొచ్చన్నది దాని తెగువ. ‘ది క్లాష్’ అనే పంక్ బ్యాండు విడిపోయాక 1991లో ఆ బ్యాండు పాట ఒకటి లెవీస్ జీన్స్ ప్రకటనకెక్కి, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 2016లో పంక్ 40 ఏళ్ల సంబరాలు జరుగుతుంటే జో కోరే వాటిని ఈసడించుకుంటూ, 50 లక్షల పౌండ్లు చేస్తాయని చెప్పిన పంక్ వస్తువులను థేమ్స్ నది మీద పడవలో తగలబెట్టాడు. పంక్ బ్యాండు సెక్స్ పిస్టల్స్ మేనేజరు మాల్కం మెక్‌లారెన్ కొడుకు అతడు.

రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. పంక్ పాటకు హక్కుదారుడుంటాడు. అమ్మినా, అమ్మనన్నా ఆ మాట అతడిదే, మెచ్చినా తిట్టినా అతడినే. రేనాటి పాటకు అలాంటి హక్కుదారుడు లేడు. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం రచయిత బతికున్నంత కాలం, పోయాక 60 ఏళ్లు హక్కునిస్తుంది. రచయితే తెలియని పాత జానపదాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, పాడి నిలబెట్టినవాళ్లకు ఇవ్వాల్సిన బాకీ అంటూ ఏమీ ఉండదు.

అలాగని పాట మారడం తప్పు కాదు. మారకపోతే అది జానపదమే కాదు. పాటగాడు దాన్ని మార్చేది ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు చూసి. మార్పు బాగాలేకపోతే ఆ రాత్రే వాళ్లు అడ్డుతగులుతారు. తెరమీది పాటకు ఆ అడ్డు లేదు, ఒకసారి రికార్డయితే అంతే. రేనాటి పాట నిజాయితీ కోలాటం గుంపులో ఇంకో చరణం కలిపే పాటగాడు ఉండటంలో ఉంది. అతడు ఉన్నన్నాళ్లు సినిమా పాట కూడా ఆ పాటకు ఇంకో రూపమే. అతడు లేని నాడు మిగిలేది ఆ ఒక్క రూపమే.