ఏ యాంటీబయాటిక్ అన్నదే అసలు ప్రశ్న

అత్యవసర గర్భనిరోధక మాత్రకు మామూలు జ్వరం మందులు అడ్డురావు. క్షయ మందు వస్తుంది. అండమాన్ దీవుల్లో ఈ తేడా తెలియకపోతే విలువైన గంటలు చేజారిపోతాయి

వానలు తగ్గి వరిచేలు కోతకొచ్చే వేళకు ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో జ్వరాలు మొదలవుతాయి. 1980ల చివర్లో అక్కడి వాళ్లు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై చనిపోతుంటే దానికి అండమాన్ రక్తస్రావ జ్వరమని పేరు పెట్టారు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి వల్ల సోకే లెప్టోస్పైరోసిస్సే అదని 1990ల్లో తేలింది. ఐసీఎంఆర్‌కు చెందిన పోర్ట్ బ్లెయిర్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ముందుజాగ్రత్తగా వారానికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇచ్చి చూశారు. 782 మందిపై జరిపిన ఆ పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. ఇన్‌ఫెక్షన్ ఆగలేదు గానీ, జబ్బు పడేవాళ్ల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది.

యాంటీబయాటిక్ ఇంత మామూలైపోయిన చోట ఓ సందేహం సహజమే. డాక్సీసైక్లిన్ వేసుకుంటున్న స్త్రీకి అత్యవసర గర్భనిరోధక మాత్ర అవసరమైతే అది పనిచేస్తుందా? నలుగురిలో అడిగే ప్రశ్న కాదిది. చిన్న దీవిలో మందుల షాపు ఆయన కూడా ఎరిగినవాడే అయి ఉంటాడు మరి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలా కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లినవే.

జవాబు సూటిగానే ఉంది. డాక్సీసైక్లిన్, అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, మెట్రోనిడజోల్... వీటిలో ఏదీ ఆ మాత్రను దెబ్బతీయదు. మరి అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. అది పేగుల్లోకి చేరాక అక్కడి బ్యాక్టీరియా సాయంతో కొంత తిరిగి రక్తంలోకి వస్తుంది. యాంటీబయాటిక్ ఆ బ్యాక్టీరియాను చంపితే మాత్ర బలం తగ్గుతుందని డాక్టర్లు ఏళ్ల తరబడి హెచ్చరించారు. ఊహ బాగానే ఉంది గానీ, పరీక్షల్లో నిలబడలేదు. బ్రిటన్ నిపుణుల సంఘం 2011లో ఆ హెచ్చరికను ఉపసంహరించుకుంది. పైగా అత్యవసర మాత్రలో ఉండేది లెవోనార్‌జెస్ట్రెల్ ఒక్కటే. అందులో ఈస్ట్రోజెనే లేదు. అండం విడుదలను వాయిదా వేయడం దాని పని. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది తీసేయలేదు.

అయితే ఒక మందు విషయంలో భయం నిజమే. అది క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్. ఆ మందు వాడుతూ గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్న స్త్రీలకు నెల మధ్యలో రక్తస్రావం కనిపిస్తోందని జర్మనీ వైద్యులు 1971లోనే రాశారు. కారణం పేగుల్లో కాదు, కాలేయంలో ఉంది. రిఫాంపిసిన్ అక్కడి ఎంజైములను ఉరకలెత్తిస్తుంది. అవి హార్మోన్‌ను మామూలు కన్నా వేగంగా విరిచేస్తాయి. రిఫాంపిసిన్ ఆపేశాక కూడా ఈ ప్రభావం నాలుగు వారాల దాకా ఉండొచ్చు. మన దేశంలో మామూలు క్షయ చికిత్స ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ రోజూ వేసుకునే మందుల్లో ఇదొకటి. క్షయ రాకుండా ఇచ్చే రిఫాపెంటిన్‌దీ ఇదే తీరు. మూర్ఛకు వాడే కార్బమజపిన్, ఫెనిటాయిన్, హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్, తామరకు ఇచ్చే గ్రిసియోఫుల్విన్ కూడా ఈ జాబితాలోనివే. గ్రిసియోఫుల్విన్‌ను ఎవరూ అనుమానించరు. ఉక్కపోత ప్రాంతాల్లో తామర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు.

ఇలాంటప్పుడు ఏం చేయాలి? అన్నిటికన్నా నమ్మకమైనది కాపర్-టి. కలయిక జరిగిన ఐదు రోజుల్లోగా వేయించుకోవాలి. రాగికి కాలేయంతో పనిలేదు గనక రిఫాంపిసిన్ దాన్నేమీ చేయలేదు. అది కుదరకపోతే 1.5 మిల్లీగ్రాములకు బదులు రెట్టింపు, అంటే 3 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్ వేసుకోవచ్చని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2016లో సూచించింది. అది రెండో మార్గమే తప్ప కాపర్-టితో సమానం కాదు. డాక్టరు సలహాతోనే వేసుకోవాలి.

దీవుల్లో చిక్కంతా ఇక్కడే. మాత్రకు 2005 నుంచి ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు. కాపర్-టి వేయడానికి మాత్రం శిక్షణ ఉన్న మనిషి కావాలి. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి రాజధాని 500 కిలోమీటర్ల పైమాటే (2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది). సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పలేరు. లెవోనార్‌జెస్ట్రెల్‌కు గడువు 72 గంటలు. అందులోనూ ఎంత ముందు వేసుకుంటే అంత మేలు. డాక్సీసైక్లిన్ కోర్సు అయిపోయాక చూద్దామని ఆగేవాళ్లు అనవసరంగా నష్టపోతారు. ఖాళీ కడుపుతో డాక్సీసైక్లిన్ వేసుకుంటే కొందరికి వాంతులవుతాయి. మాత్ర మింగిన రెండు మూడు గంటల్లో వాంతి అయితే మరో మాత్ర వేసుకోవాల్సిందే.

క్షయ చికిత్స మొదలుపెట్టే రోజే స్త్రీలకు ఈ సంగతి చెప్పడం ఆరోగ్య సిబ్బందికి రెండు నిమిషాల పని. మందు పేరు గుర్తులేని వారిని ఒక్క ప్రశ్న అడిగినా చాలు: మందు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగులో వస్తోందా? వస్తోందంటే అది బహుశా రిఫాంపిసినే.