అమ్మకు ప్రార్థన నేర్పిన అబ్బాయి

ప్రార్థన పెద్దలు నేర్పుతారు, పిల్లలు నేర్చుకుంటారు. ఎక్కడైనా జరిగేది అదే. ఇటలీలోని మిలాన్‌లో ఓ ఇంట్లో మాత్రం కథ తిరగబడింది. పదిహేనేళ్లకే కన్నుమూసిన ఆ ఇంటి అబ్బాయిని కేథలిక్ శ్రీసభ 2025లో పునీతుడిగా ప్రకటించింది.

కంప్యూటర్ అంటే ప్రాణం. ప్లేస్టేషన్ అంటే సరదా. జీన్స్ ప్యాంటు, స్పోర్ట్స్ షూ... కార్లో అక్యూటిస్ ఇష్టాలన్నీ ఈ తరం పిల్లల ఇష్టాలే. కాకపోతే వీడియోగేమ్‌కి వారానికి ఒక్క గంట చాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. చర్చికి మాత్రం రోజూ వెళ్లేవాడు!

కార్లో 1991 మే 3న లండన్‌లో పుట్టాడు. కొన్ని నెలలకే అమ్మానాన్నలు ఆంటోనియా, ఆండ్రియా సొంత దేశం ఇటలీకి వచ్చేశారు. పేరుకి కేథలిక్ కుటుంబమే. కానీ కొడుకు పుట్టేదాకా ఆంటోనియా దివ్యబలిపూజకు వెళ్లింది మూడేమూడుసార్లట. మొదటిసారి సత్ప్రసాదం తీసుకున్నప్పుడు, భద్రమైన అభ్యంగనం పొందినప్పుడు, పెళ్లప్పుడు.

ప్రశ్నలతో మొదలు

దారిలో చర్చి కనిపిస్తే చాలు, లోపలికి వెళ్దామని చిన్నారి కార్లో అమ్మ చెయ్యి పట్టుకుని లాగేవాడు. దేవుడి గురించి ఏవేవో అడిగేవాడు. ఆమెకి జవాబులు తెలిసేవి కావు. దాంతో కొడుకు కోసం ఆ తల్లి వేదాంతం చదవడం మొదలుపెట్టింది. అలా అతని వెంటే ఆమె కూడా పూజకు వెళ్లడం, జపమాల చెప్పడం అలవాటు చేసుకుంది.

కేథలిక్కుల విశ్వాసం ప్రకారం, పూజలో గురువు ఆశీర్వదించే గోధుమ అప్పం సాక్షాత్తూ క్రీస్తు శరీరం. అదే దివ్యసత్ప్రసాదం. ఏడేళ్లప్పుడు మొదటిసారి దాన్ని స్వీకరించిన కార్లో, అప్పట్నుంచీ రోజూ పూజకు వెళ్లాలని పట్టుబట్టాడు. పూజకు ముందో తర్వాతో కాసేపు సత్ప్రసాదం ఎదుట మౌనంగా కూర్చునేవాడు. స్వర్గానికి అదే తన రహదారి అనేవాడు. భక్తి అక్కడితో ఆగలేదు. పాకెట్ మనీ దాచి, వీధుల్లో పడుకునే నిరాశ్రయులకు స్లీపింగ్ బ్యాగులు కొనిచ్చేవాడు.

సత్ప్రసాదానికి సంబంధించి శ్రీసభ గుర్తించిన అద్భుతాల వివరాలు సేకరించి వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఇటలీలోని లాంచానో నుంచి మన కేరళలోని చిరట్టకోణం దాకా అందులో ఉన్నాయి. ఆ వివరాలతో రూపొందిన ప్రదర్శన తర్వాత ఎన్నో దేశాలు తిరిగింది.

ఒక్కగానొక్క కొడుకు...

2006 అక్టోబరు మొదట్లో జ్వరం వచ్చింది. ఫ్లూ అనుకున్నారు. పరీక్షల్లో తీవ్రమైన లుకేమియా అని తేలింది. తన బాధను పోప్ కోసం, శ్రీసభ కోసం అర్పిస్తున్నానన్నాడు కార్లో. అక్టోబరు 12న మోంజాలోని ఆస్పత్రిలో కన్నుమూశాడు. రోగం తెలిసి నిండా రెండు వారాలు కూడా కాలేదు.

ప్రార్థించే ఇంటికే ఇంత కష్టమా? ఏ తల్లైనా అక్కడే ఆగిపోయేది. ఆంటోనియా ఆగలేదు. కొడుకు నేర్పిన ప్రార్థనను వదల్లేదు. 2010లో ఆమెకి కవలలు పుట్టారు. 2025 సెప్టెంబరు 7న వాటికన్‌లో పోప్ లియో-14, కార్లోని పునీతుడిగా ప్రకటించినప్పుడు అమ్మానాన్నలతోపాటు అన్నను ఎన్నడూ చూడని ఆ తమ్ముడూ చెల్లెలూ అక్కడే ఉన్నారు. కన్నబిడ్డ పునీతుడు కావడం కళ్లారా చూసే భాగ్యం ఏ తల్లిదండ్రులకో గానీ దక్కదు. అస్సీసీలో ఇప్పుడు కార్లో సమాధిని దర్శించేవారికి జీన్స్, స్పోర్ట్స్ షూతోనే కనిపిస్తాడు.

అతని పండుగ అక్టోబరు 12. కేథలిక్కులకు అది జపమాల మాసం. మన తెలుగు కేథలిక్కుల ఇళ్లలోనూ సాయంత్రం దీపాలు పెట్టే వేళ మరియమాత స్వరూపం ముందు అందరూ కూర్చుని జపమాల చెప్పుకోవడం తెలిసిందే. ఐదు దేవరహస్యాలకు పట్టేది ఇరవై నిమిషాలు. టీవీ, సెల్‌ఫోన్ పక్కనపెట్టి ఆ కాసేపు కూర్చోవడానికి పిల్లల్ని పిలిచేది పెద్దలే కానక్కర్లేదు. పిల్లలు పిలిచినా పెద్దలు లేచి వెళ్లొచ్చు.