మధుమేహ రోగి కోరు చికిత్స యేది? దానిని కొలుచు విధము

మన పత్రికయందు విత్తనములు, ఎరువులు, అప్పుల వాయిదాలు మొదలగు సంగతులే తరచుగా వచ్చుచుండును. ఈ మాసము మధుమేహమును గూర్చియు, అందును దాని చికిత్సలో రోగి యిష్టమును కొలుచుటను గూర్చియు వ్రాయుచున్నాము. భారత వైద్య పరిశోధనా మండలి సాయముతో జరిగి 2023-వ సంవత్సరమున ప్రకటింపబడిన లెక్క ననుసరించి మన దేశమున ఈ వ్యాధి గలవారు 10 కోట్ల 10 లక్షలమంది. ఇది పట్టణములలో పరుపులమీద కూర్చుండు షావుకార్ల జబ్బని పూర్వము పెద్దలు చెప్పెడివారు. ఆ మాట యిప్పుడు చెల్లదు. మడిలో దిగి పనిచేయువారికిని వచ్చుచున్నది.

చలిజ్వరమునకు కొన్నిదినములు మందు పుచ్చుకొని మానివేయవచ్చును. మధుమేహమున కట్లు కాదు. వైద్యుడు సంవత్సరమునకు నాలుగు మారులు చూచిన, తక్కిన 361 దినములును రోగియే తనకు వైద్యుడు. మందు వ్రాయుట వైద్యుని వంతు, మ్రింగుట రోగి వంతు. నచ్చని మందు చీటిలోనే నిలిచిపోవును. కన్నులు, మూత్రపిండములు, పాదములు చెడిన పిమ్మట గాని ఆ సంగతి బయటపడదు. కావున రోగి దేని నోర్చుకొనును, దేని నోర్చుకొనడు అను ప్రశ్న మర్యాదకొర కడుగునది కాదు, చికిత్సలో నొక భాగమే.

1921-వ సంవత్సరమున కెనడా దేశమందలి టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వెలికి దీసిరి. 1922 జనవరిలో లియొనార్డు టాంసన్ అను 14 ఏండ్ల బాలునకు దానిని మొదట నెక్కించిరి. అప్పు డిష్టాయిష్టముల ప్రసక్తి లేదు. ఇన్సులినైన పుచ్చుకొనవలెను, లేదా మరణింపవలెను. నేటికిని, బాల్యముననే వచ్చు మొదటి రకపు మధుమేహములో ఇన్సులిను మానుట అను కోరికకు చోటు లేదు. నడివయసున వచ్చు రెండవ రకమునకు మాత్రము త్రోవలు పెక్కులున్నవి. మెట్‌ఫార్మిను చౌక, కాని కొందరికి కడుపు నుబ్బించును, విరేచనములు చేయును. గ్లిమిపిరైడు వంటివియు చౌకయే, కాని వేళకు భోజనము చేయనివారికి చక్కెర మితిమీరి పడిపోవును. చక్కెరను మూత్రముగుండ వెడలించు మాత్రలున్నవి. వానివలన మూత్ర మెక్కువగును, మర్మస్థానమున దురద పుట్టవచ్చును. వారమున కొక్కసారి పొడుచుకొను మందు లున్నవి. బరువును తగ్గించును గాని వికారము పుట్టించును, వెలయు నెక్కువ. అన్నిటను మేలైనదియు, అందరికిని మేలైనదియు నొక్కటియు లేదు.

అట్లయిన రోగినే "నీకేమి కావలయు?" నని యడిగిన సరిపోదా? సరిపోదు. ఎడ్ల సంతలో నిలిచి ఒక రైతు నడిగి చూడుడు: వయసు ముఖ్యమా, నడక ముఖ్యమా, కట్టు ముఖ్యమా, ధర ముఖ్యమా? అన్నియు ముఖ్యమే యనును. సుళ్ల సంగతి యడిగినచో, అవి మూఢనమ్మకములని నవ్వును. అతని యెదుట రెండు గిత్తలను నిలిపి చూడుడు: ఒకటి నాలుగు పండ్లది, చుఱుకైనది, మెడక్రింద చెడ్డ సుడి గలది, రెండవది ఆరు పండ్లది, కొంచెము మందము, సుడి మంచిది, ధర యొకటే. రెండవదాని త్రాడు పట్టుకొని పోవువారిని మేము పెక్కుమందిని చూచితిమి. నోరు చెప్పినదొకటి, చేయి చూపినది మఱియొకటి.

రోగుల యిష్టమును కొలుచువారు ఈ చేతినే అడుగుదురు. ఒక కాగితముపై రెండు చికిత్సలను ప్రక్కప్రక్కన వ్రాసి, "ఈ రెంటిలో దేని నెన్నుకొందువు?" అందురు. మాదిరికి మేమొకటి కల్పించి చెప్పెదము. మొదటి చికిత్స: దినమునకు రెండు మాత్రలు, నెలకు 200 రూపాయలు, నెలలో రెండుసార్లు చక్కెర పడిపోయి చెమట, వణకు కలుగును. రెండవది: దినమున కొక మాత్ర, నెలకు 500 రూపాయలు, చక్కెర పడిపోవుట లేదు, కాని మూత్రమున కెక్కువగా పోవలయును. రోగి యొకటి గుర్తుపెట్టును. పిదప అంకెలు మార్చి మఱియొక జత, మఱల నొక జత, ఇట్లు పదియో పండ్రెండో చూపుదురు. ప్రతి జతలోను ఒకటి పొందుటకు మఱియొకటి వదలుకొనక తప్పదు. తక్కిన వన్నియు సమానముగా నుంచి చూచినపుడు, వణకు తప్పించుకొనుటకు నెలకు 300 రూపాయ లధికముగా నిచ్చుట కొప్పుకొన్నవాడు 600 అనగానే వెనుకకు తగ్గినచో, ఆ వణకు అతనికి 300కును 600కును నడుమ నెచ్చటనో వెల చేయుచున్న దన్నమాట. వందలకొలది జనుల గుర్తులను చేర్చి గణితము వేసినచో, ఏ గుణము ఎంత తూగునో తేలును. తూనికకు రాళ్లు వేసినట్లే.

కావలెనని నడుమ నొక జతలో, ఒక చికిత్స అన్ని విధములను మేలుగా నుండునట్లును వ్రాయుదురు. అక్కడ కూడ తక్కువదానిని గుర్తించినవాడు ప్రశ్నను గ్రహింపలేదని తెలియును. మన ప్రదర్శన క్షేత్రములలో ఎరువు వేయని మడి నొకదానిని విడిచి యుంచుట వంటిదే యిది.

ఈ విద్య వైద్యులయొద్ద పుట్టినది కాదు. రెండింటిని పోల్చి యెన్నుకొనుటలోనుండి కొలత తీయు నియమమును 1927లో అమెరికాలోని థర్‌స్టన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు వ్రాసెను. అర్థశాస్త్రజ్ఞుడు మెక్‌ఫాడెన్, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున క్రొత్త రైలు వచ్చిన ఎందరు దాని నెక్కుదురని యిట్టి గణితముతోనే ముందుగా చెప్పెను. నూటికి 6.3 వంతు అని అతడు చెప్పగా, రైలు నడిచిన పిదప తేలినది 6.2. అతనికి 2000-వ సంవత్సరమున నోబెలు బహుమానములో సగము వచ్చినది. వైద్యము ఆ త్రాసును అరువు తెచ్చుకొన్నది.

వేరొక కొలత ధనముతో గాక ఆయువుతో చేయునది. "ఈ బాధతో పది సంవత్సరములు బ్రదుకుట మేలా, ఏ బాధయు లేక ఎనిమిది సంవత్సరములు బ్రదుకుట మేలా?" అని యడిగి, రెండును సమానమని తోచువరకు తగ్గించుచు పోవుదురు. 2007లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో చికాగో ప్రాంతమున సుమారు 700 మంది మధుమేహ రోగుల నిట్లడిగిరి. అంధత్వము వంటి తుది కీడులే అన్నిటికంటె బరువని వారు తలచిరి. ఇది యెవ్వరైన ఊహింపదగినదే. కాని పెక్కు మందులు, సూదులు, పథ్యముతో కూడిన పూర్తి చికిత్సయే, వ్యాధివలని మధ్యరకపు కీడులంత బరువుగ వారికి తోచినది. మందు మానిన రోగిని మూర్ఖు డనుటకు ముందు ఈ సంగతిని జ్ఞాపక ముంచుకొనుట న్యాయమని మా యభిప్రాయము.

కొలత యున్నంత మాత్రమున పంట పండదు. 2006లో ఫైజరు కంపెనీవారు ఎక్సుబెరా యను పేర, సూదితో గాక నోట పీల్చు ఇన్సులినును అమ్మకమునకు పెట్టిరి. పరీక్షలలో దానిని వాడిన రోగులు సూదికంటె నిదియే హాయి యనిరి. సూదికి భయపడనివా డెవడు? అయినను 2007 అక్టోబరులో, కొనువారు లేక, దానిని విరమించుకొని 280 కోట్ల డాలర్ల నష్టమును లెక్క వ్రాసికొనిరి. ఏల? పీల్చు గొట్టము పెద్దది, నలుగురిలో తీయుటకు సిగ్గు. మోతాదు యూనిట్లలో గాక మిల్లిగ్రాములలో నుండెను. ఊపిరితిత్తుల పరీక్ష ముందుగను, పిదపను చేయించుకొనవలెను. ధర యెక్కువ. వ్రేలు పొడిచి రక్తము చూచుకొనుట తప్పదు. దినమంతయు పనిచేయు ఇన్సులిను కావలసినవారికి ఆ సూదియు తప్పదు. అప్పటికే సూదులు సన్ననివై, కలమువలె జేబులో పట్టునవి వచ్చియుండెను. సూది కావలెనా వలదా యన్న ప్రశ్నకు వచ్చిన జవాబు సత్యమే. సూదిని వదలుకొనుటకు మాఱుగా ఏమేమి మోయవలసివచ్చునో, ఆ పట్టీ యంతయు త్రాసులో పడలేదు.

పల్లెలో ప్రశ్నపత్రము వ్రాయువారును ఈ పట్టీని జాగ్రత్తగా చూడవలెను. నగరవాసి కొఱకు వ్రాసిన కాగితములో బరువు, సూది, ఖర్చు ఉండును. రైతు కాగితములో వేరు పంక్తులుండవలెను. కోడి కూయక మునుపే చేనికి పోయి పదిగంటలకు గాని అన్నము తిననివానికి, చక్కెర పడిపోవుట దుక్కి మధ్యనో మోటారు గట్టుననో, ఒంటరిగా నున్నప్పుడు వచ్చును. నాట్ల వేళ మూత్రమునకు మాటిమాటికి గట్టెక్కవలసిన స్త్రీకి, ఆ మాత్ర యెంత మంచిదైనను బరువే; ఎండలో నీరు తక్కువ త్రాగువారికి అది ప్రమాదము కూడ. డబ్బు పంటకు వచ్చును, మందు నెలకు కొనవలెను. సగటు లెక్క యెవ్వరి లెక్కయు కాదన్న దొకటి కలదు: సగము మందికి ధర ముఖ్యము, సగము మందికి వణకు ముఖ్యమైనచో, సగటు మనిషి కని వ్రాసిన మందు ఇరువురికిని పనికిరాక పోవచ్చును.

రోగి కోరికలను చికిత్సలో గణింపవలెనని 2012లో అమెరికా, ఐరోపా మధుమేహ సంఘములు కలిసి ప్రకటించినవి. కనుక వైద్యునితో ఈ మాట యెత్తుట అమర్యాద కాదు. మన సభ్యులలో ఈ వ్యాధి గలవారు ఆస్పత్రికి పోవునపు డొక కాగితము తీసికొని పోవుట మంచిది. ఏ వేళకు పనిలోనికి పోవుదురో, ఏ వేళకు తిందురో, నెలకెంత పెట్టగలరో, ఏ బాధ నోర్వలేరో, ఏ మందును చెప్పక మానివేసిరో అందుండవలెను. చివరిది వ్రాయుటకు జంకవలదు. అది తెలియని వైద్యుడు, మందు చాలలేదనుకొని మోతాదు పెంచును.

ఇన్సులిను వాడుచు ఇంట ఫ్రిజ్జు లేనివారు ఆ సంగతియు వ్రాయవలెను. వాడుచున్న సీసా వేడి తగులనిచోట సుమారు నాలుగు వారములు నిలుచును. ఎండకాలమున మెఱుగులేని మట్టికుండను తడిపి, నీడను గాలి తగులుచోట నుంచి, అందులో సీసాను నీరు సోకకుండ పెట్టుదురు. పొలమునకు పోవువారు మాత్రలవారైనను సూదివారైనను మొలలో ఇంత చక్కెరయో బెల్లపుముక్కయో ఉంచుకొని, చెమటయు వణకును తోచగానే నోట వేసికొనవలెను.